ఎవరిదో వల

వేట నిషేధం 61 రోజులూ ముగిశాక, జూన్ 15 తెల్లవారుజామున ఒక మత్స్యకారుడు కొడుకుని తీసుకుని సముద్రం మీదికి వెళ్లాడు. అన్నాళ్లూ ఇల్లు గడిచింది షావుకారు అప్పుతోనే. ఆయన ఎదురొస్తే సందు మార్చి పోయేవాడు.

రోజంతా లాగినా వలలో చారెడు చిన్న చేపలే. చీకటి పడేకొద్దీ భయం నిలదీయసాగింది. అప్పెలా తీరుస్తావు? పిల్ల ఫీజెలా కడతావు? పడవ పోతే ఏం చేస్తావు?

అంతలో టార్చి వెలుగులో బెండ్ల వరస కనిపించింది. ఎవరిదో వల. కొడుకు వంగి తాడు పట్టుకున్నాడు.

"నాన్నా, వంజరమే! ఒక్కసారి లాగితే అప్పు తీరిపోద్ది. ఎవరు చూస్తారు?"

తండ్రీ తాడు పట్టాడు. ఉప్పునీళ్లకు పగిలిన అరచేతిలో చేపల కొట్టుకులాట తెలుస్తోంది. "ప్రభువా, దారి చూపించు" అన్నాడు. అలల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కాసేపటికి వేళ్లు ఒక్కొక్కటే సడలాయి.

"వదిలెయ్ రా. వాళ్లకీ రెండు నెలలు పస్తులే."

చుక్కాని కొడుక్కిచ్చి, అమరాన తడి వల మీద తల వాల్చాడు. చాన్నాళ్ల తర్వాత నిద్ర పట్టింది. పొద్దున ఒడ్డుమీద షావుకారు కనిపిస్తే తనే ఎదురెళ్లి, ఇంకో వారం గడువు అడిగాడు.

నీతి: భయం ప్రశ్న వేస్తుంది, శోధన దానికి జవాబు పట్టుకొస్తుంది. అరణ్యంలో 40 రోజులు ఉపవాసమున్న యేసుకు శోధకుడు మొదట చూపించింది కూడా ఆకలికి జవాబే, రాళ్లను రొట్టెలు చేసుకోమని. మన తెలుగు బైబిల్లో మనశ్శాంతికీ "సమాధానం" అనే మాటే ఉంది. మనం మోకరించి అడిగేది ఒక సమాధానం, చాలాసార్లు దొరికేది ఈ రెండోది. బుద్ధికి అందని ఆ సమాధానం గురించి ఫిలిప్పీయులకు రాసేనాటికి పౌలు సంకెళ్లలో ఉన్నాడు. బతుకుతాడో చస్తాడో ఇంకా తేలలేదు.

మార్కు సువార్త 4వ అధ్యాయంలో తుపాను దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను ఆగిపోతాను. మేం నశించిపోతుంటే నీకు పట్టదా అని శిష్యులు యేసును అడిగారు. ఆయన ఆ మాటకు బదులివ్వలేదు, లేచి గాలిని గద్దించాడు. అప్పటిదాకా అదే పడవలో, అమరాన, తలగడ మీద నిద్రపోతూ ఉన్నాడు.