పాతగోడలో కన్నము

తాతలనాటి గోడను తాకవచ్చునా? ఈ ప్రశ్న ఇల్లుగల గృహస్థునికే కాక, సంప్రదాయమును నమ్మి బ్రదుకు ప్రతి భక్తునికిని ఎప్పుడో ఒకప్పుడు ఎదురగును. గోడ పూర్వులు కట్టినది, ఇంటికప్పును మోయుచున్నది. కాని దాని ఆవలనున్న దీపము ఈవలివారికి కానరాదు. అప్పుడు కర్తవ్యమేమి?

బెల్లంపల్లి బొగ్గుగనులతో పెరిగిన పట్టణము. నేడు మంచిర్యాల జిల్లాలోనున్న యీ ఊరు 2016 వరకు ఆదిలాబాదు జిల్లాకు చెందియుండెను. అచ్చట ఒక పాత ఇంటిని ఊహించుకొందము. దేవునిగదికిని నడిమిగదికిని నడుమ మూరెడు మందముగల ఇటుకగోడ. అందులో, దీపపుపొగ పోవుటకై ఎన్నడో విడిచిన పిడికెడు కన్నము. నడిమిగదిలో, మంచముపైనుండి కదల్చుటకు వీలులేని వృద్ధమాత. హారతిగంట ఆమెకు వినవచ్చును. హారతి మాత్రము కానరాదు. గోడను పడగొట్టుదమని మనుమడనును. పెద్దలు కట్టినదానిని ముట్టరాదని కుమారుడనును. ఇద్దరి మాటలోను భక్తి కలదు. ఈలోపల ఆమె దినములు తరుగుచున్నవి.

అనుభవముగల మేస్త్రీ మూడవ దారి చెప్పును: ఉన్న కన్నమునే పెద్దది చేయుట. అతడు మొదట సుత్తి ఎత్తడు. పైభారము ఎచ్చట దిగుచున్నదో చూచును. కన్నమునకు పైగా గోడగుండ దూలము దూర్చి, ఇరువైపుల ఆనికలు నిలుపును. పిమ్మట కావలసినంత మేరకు గీతగీసి, దానివెంట చిన్నచిన్న రంధ్రములు తొలుచును. సున్నపుగార ఇటుకకన్న మెత్తన గనుక అతుకులు గీకి, ఒక్కొక్క ఇటుకను విడదీయును. ఒకేవైపునుండి బలముగా మోదినచో ఆవలివైపు గార పెళ్ళలుగా ఊడిపడును. అందుచే రెండువైపులనుండియు తొలుచుచు నడుమ కలియును. తుదకు పైన బండ అమర్చి, అది భారమును అందుకొన్న తరువాతనే ఆనికలు తీయును.

గనిపనివారికి ఈ సంగతి కొత్తకాదు. భూగర్భమున బొగ్గును కొంత స్తంభములుగా విడిచి, పైకప్పునకు కర్రల ఆనికలు నిలిపి ముందునకు సాగుట వారెరిగిన పద్ధతి. గోడనుండి తీసిన ఇటుక అంతవరకు ఏదో ఒక భారమును మోసినదే. దానిని తీయువాడు ఆ భారమునకు వేరొక ఆధారము చూపవలెను. ధర్మసూక్ష్మమంతయు ఇందే కలదు.

ఉడుపి క్షేత్రమున ‘కనకన కిండి’ యను గవాక్షము కలదు. కాగినెలె ఆదికేశవుని భక్తుడైన కనకదాసునకు ఆలయప్రవేశము లభింపకపోగా, అతడు వెలుపల పడమటివైపున నిలిచి ప్రార్థించెననియు, గోడ బీటవారి స్వామి అటు తిరిగి దర్శనమిచ్చెననియు సంప్రదాయకథ. ఆ బీటను పూడ్చివేయలేదు, గోడను కూల్చనూలేదు. బీటయే గవాక్షమైనది. నేటికిని స్వామి పడమటి ముఖముగానే యున్నాడు. ఒక్కని కన్నీటికి తెరచుకొన్న సందు లక్షలమందికి దర్శనమార్గమైనది.

భగవద్రామానుజుల చరిత్రము ఇంకను స్పష్టము. తిరుక్కోట్టియూర్ నంబిని పలుమార్లు ఆశ్రయించి, పదునెనిమిదవ పర్యాయమున వారు మంత్రార్థమును పొందిరని గురుపరంపర చెప్పుచున్నది. గురువాజ్ఞ మీరినవారికి నరకమని తెలిసియు, ఆలయమునెక్కి దానిని భక్తజనులకు ఎరిగించిరి. పలువురు తరింతురేని తానొక్కడు నరకమునకు పోవుట మేలని వారు తలచిరి. వారు గురుపరంపర అను గోడను కూల్చలేదు. జీవితాంతము దాని నీడనే నిలిచిరి. అందలి చిన్న ద్వారమును మాత్రము పెద్దది చేసిరి. తీసిన ఇటుక భారమును తమ శిరస్సున ధరించిరి. ఆచారమును సడలింపగోరువాడు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న ఇదియే: “ఈ భారమును మోయుటకు నేను సిద్ధముగా నున్నానా?” సిద్ధముగా లేనివాని చేతి సుత్తి సంస్కారము కాదు, విధ్వంసమే.

అట్లయిన ఎంత పెద్దది చేయవలెను? మాత కన్నులకు హారతి కానవచ్చునంత. అంతకు తగ్గిన దయ కొరత. అంతకు మించిన అహంకారము. గోడ బొత్తిగా లేనిచో గాలికి దీపము నిలువదు. గోడ బొత్తిగా మూసికొన్నచో దీపమున్నను చూచువారుండరు.

ప్రతి హృదయమునందును నేను, నాది అను ఇటుకలతో కట్టిన గోడ కలదు. అందులో భగవత్కృప ముందే ఒక చిన్న కన్నము విడిచియున్నది. కష్టమున పలికిన ఒక నామము, ఇతరుల బాధకు చెమర్చిన ఒక క్షణము అట్టివే. క్రొత్తగా తొలువబనిలేదు. శరణాగతియను ఆనికను ముందు నిలిపి, దినమునకొక ఇటుక తీసినచాలును. లోపలి దీపము ఏనాడును ఆరియుండలేదు.