సర్క్యూట్ బొమ్మ ఎవరి సొత్తు?

పాత వాల్వు రేడియో మూగబోతే ముందు దాని నెత్తిన ఒకటి చరుస్తాం. ఒక్కోసారి పలుకుతుంది కూడా. కారణం తెలిసిందా? లేదు. వాల్వు కాలు కదిలిందో, కండెన్సర్ ఎండిందో బొమ్మ ముందు పెట్టుకుని వోల్టేజి కొలిస్తేనే తేలుతుంది.

ఆ బొమ్మ ఎవరిది? అమెరికాలో జాన్ రైడర్ కంపెనీల సర్క్యూట్లు పోగేసి 1931 నుంచి సంపుటాలుగా అచ్చేశాడు. డబ్బుకే అమ్మాడు, నిజమే. అయినా రిపేరు కొట్టువాడి చేతికి అందాయి. విద్య దాచుకుని బతికే తెలివిని నేను మెచ్చను. కొన్ని సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, చాసిస్‌కే మెయిన్స్ కరెంటు రావచ్చు. ప్లగ్ పీకినా కండెన్సర్‌లో కాసేపు నిలిచే ఉంటుంది. ఇది తెలిసీ చెప్పనివాడు, పక్కవాడికి షాక్ కొడితే "నేను ముట్టుకోలేదు కదా" అని తప్పించుకోగలడా?