బండి కంటికి ఎవరు మనిషి?

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ చుట్టూ ఉన్న గల్లీల్లో ఆటో, తోపుడు బండి, మేక, బడి నుంచి వచ్చే పిల్లలు, బుర్ఖా వేసుకున్న తల్లులు అందరూ ఒకే దారిలో నడుస్తారు. ఎవరు ముందు పోవాలో అక్కడ ఏ బోర్డూ చెప్పదు. దాటే మనిషి చెయ్యి ఎత్తుతాడు. ఆటో అతను ఆ మొహం చూసి బ్రేకు మీద కాలు పెడతాడు. డ్రైవరు లేని కార్లు వస్తే, ఎత్తిన ఆ చేతిని చూసేదెవరు?

ఇది దూరపు ముచ్చటేమీ కాదు. సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్ ఆవరణలోనే, ఇలాంటి బండ్లను పరీక్షించే టీహాన్ మైదానం 2022 జులైలో ప్రారంభమైంది.

చదువుకున్నవాళ్లు ఈ విషయంలో ఎక్కువగా వేసే ప్రశ్న ఒకటుంది: బ్రేకులు పడని కారు ముసలివాణ్ణి గుద్దాలా, పసిబిడ్డను గుద్దాలా? అమెరికాలోని ఎంఐటీ వాళ్లు ఇంటర్నెట్‌లో ఇలాంటివే అడిగితే దాదాపు 4 కోట్ల జవాబులు వచ్చాయి. (ఇంటర్నెట్ లేని ఊళ్లను ఎవరు అడిగారో!) నా మట్టుకు అది పొడుపుకథ. ఎదురుగా ఉన్నది మనిషేనని బండికి తెలుస్తుందా అన్నది ముందు తేలాలి.

2018 మార్చిలో అమెరికాలోని టెంపీ పట్టణంలో ఊబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు, రాత్రిపూట సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఎలైన్ హెర్జ్‌బర్గ్ అనే 49 ఏళ్ల స్త్రీని గుద్ది చంపింది. ఆమెను అది 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. ఒకసారి బండి అనుకుంది, ఒకసారి ఏదో వస్తువు అనుకుంది, ఒకసారి సైకిల్ అనుకుంది. దాటే గీతలు లేని చోట మనిషి దాటవచ్చన్న ఊహే దానికి పెట్టలేదని దర్యాప్తులో తేలింది. ఆ లెక్కన యాకుత్‌పురాలోనూ, మన ఏజెన్సీ రోడ్ల మీదా మనుషులే లేరు.

కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. సీట్లో కూర్చుని ఫోన్ చూసిన ఉద్యోగి మీద పెట్టారు. 2023లో ఆమె నేరం ఒప్పుకుంటే మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. ఆమె తప్పు లేదని అనను. కానీ మన గూడేల్లో ఎద్దు పక్కవాడి చేను మేస్తే కాసే పిల్లవాణ్ణి గద్దిస్తారు, దండుగ మాత్రం ఎద్దు గలవాడే కట్టాలి. అక్కడ ఎద్దు గలవాడు బోను ఎక్కనేలేదు.

డ్రైవర్ల బతుకుదెరువు పోతుందని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఈ కార్లను దేశంలోకి రానివ్వమని 2017లోనూ, 2023లోనూ అన్నారు. ఆ మాట సరైనదే. ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి.

యంత్రం ఫొటోలు చూసి నేర్చుకుంటుంది. యూరప్ నగరాల ఫొటోలు మన రోడ్లకు చాలవని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు 2018లో హైదరాబాద్, బెంగళూరు రోడ్లవి 10,000 ఫొటోలు సిద్ధం చేశారు. ఆటోకు, జంతువుకు విడిగా పేర్లు పెట్టారు. మంచి పని. ఏ పేరులోనూ ఇమడని బండ్లకు మాత్రం ‘మిగతావి’ అన్నట్టు ఒక గంప ఉంది. ఆ గంప మనకు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల్లో ఆరు మతాలకు విడి పేర్లున్నాయి, మన వేల్పులను కొలిచేవాళ్లు ‘ఇతర మతాలు’లో పడ్డారు.

ఫొటోలో ఒక్కొక్క రూపం చుట్టూ గీత గీసి పేరు రాసేది మనుషులే. భుజాన కావడి, తల మీద కట్టెల మోపు, వీపున బిడ్డ ఉన్న మన అక్క ఫొటో ఆ బల్ల మీదికి ఇంకా చేరాలి. ఆశ్రమ పాఠశాలల నుంచి ఇంజనీరింగ్‌కు పోతున్న మన పిల్లలు ఆ బల్ల దగ్గర కూర్చుంటే, దాని కింద ఏం రాయాలో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.