రెండో వరుస

డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే మా ఆఫీసులో చప్పుడు తగ్గిపోతుంది. అమెరికాలో క్లయింట్లు సెలవుల మీద వెళ్ళిపోతారు. జనవరి దాకా కొత్త కోడ్ ఏదీ ప్రొడక్షన్‌లోకి పంపకూడదని మెయిల్ వస్తుంది. వాడుకోని లీవులు ఏడాది దాటితే పోతాయి కాబట్టి అందరం ఒకేసారి పెట్టేస్తాం. ఇంట్లో క్రిస్మస్ చేసుకున్నా చేసుకోకపోయినా, సైబరాబాద్‌లో చాలామందికి అది క్లయింట్ క్యాలెండర్ లోంచి వచ్చిపడే పండగ.

కూకట్‌పల్లిలో ఆ పండగ ముందు మాల్స్‌లో కనబడుతుంది. నెక్సస్‌లోనో లులూలోనో పెద్ద చెట్టు నిలబెడతారు, దాని ముందు ఫొటో కోసం జనం వరుస కడతారు. తెలంగాణలో 26 కూడా సెలవే. పిల్లలకి బడి ఉండదు. ఇక ఎక్కడికో ఒకచోటికి వెళ్ళక తప్పదు. 1996 నుంచీ రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది, 2004 నుంచి స్నో వరల్డ్ ఉంది, 2016లో రావిర్యాలలో వండర్‌లా వచ్చింది. జనవరి ఒకటిన నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది. ఈ ఊళ్ళో చలికాలమంటే టికెట్ కొనుక్కుని సంతోషపడే కాలం.

అలా ఒక 26వ తేదీన మేమూ ఒక పార్కుకి వెళ్ళాం. ఏ పార్కన్నది ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు పార్కుది కాదు. మాతో మా చిన్నాన్న కొడుకు కుటుంబం కూడా వచ్చింది. తమ్ముడు బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. వాడికి 25 ఒక్కటే సెలవు. 26న రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. పిల్లవాడు ఏడాదిగా అడుగుతున్నాడని వదులుకున్నాడు. టికెట్లు నేను తీస్తానంటే, "వద్దన్నా, మావి మేం కొనుక్కుంటాం" అన్నాడు. సరే అన్నాను.

ముందురోజు రాత్రి మా ముగ్గురికీ బుక్ చేస్తుంటే, ఇంకొంత కడితే వరుసలో నిలబడక్కర్లేని టికెట్ ఉందని యాప్ చూపించింది. నొక్కేశాను. తమ్ముడికి చెప్పలేదు. చెబితే మాకు సమానంగా ఉండాలని వాడూ కొంటాడేమో, ఇబ్బంది పడతాడేమో అని చెప్పలేదనుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఆ టికెట్ కొన్నాక మేమిద్దరం ఒకేచోటికి వెళ్తూ కూడా కలిసి వెళ్ళట్లేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

మొదటి రైడ్ దగ్గరే బయటపడింది. రెండు దారులున్నాయి. మా చేతులకి కట్టిన పట్టీ రంగు చూసి అక్కడి కుర్రాడు మమ్మల్ని కుడివైపు పంపాడు. తమ్ముడు ఒక్కక్షణం చూసి, వెంటనే నవ్వేసి, "మీరు కానీండి అన్నా, మేం వస్తాంలే" అన్నాడు. మేం పది నిమిషాల్లో ఎక్కి దిగిపోయాం. దిగేసరికి వాళ్ళు మొదటి మలుపు కూడా దాటలేదు. మా పాప అడిగింది: "అన్నయ్య ఎందుకు రాలేదు నాన్నా?"

"మన టికెట్ వేరు" అన్నాను. ఏడేళ్ళ పిల్లకి అది చాలలేదు. నాకూ చాలలేదు.

ఇందులో తప్పేముంది అని వాదించడం తేలికే, ఆ రోజంతా నాతో నేను వాదించుకున్నాను కూడా. ఏసీ బోగీ ఉంది, స్లీపర్ ఉంది. ఎవరి స్తోమతు వాళ్ళది. నా డబ్బుతో నేను కొంచెం సుఖం కొనుక్కుంటే ఎవరికి నష్టం?

కానీ ఏసీ బోగీకీ ఈ రెండో వరుసకీ ఒక తేడా ఉంది. ఏసీలో నేను హాయిగా పడుకున్నందుకు స్లీపర్‌లో ఉన్నవాడు సికింద్రాబాద్‌కి ఆలస్యంగా చేరడు. పాతకాలం సినిమా హాల్లో నేల టికెట్ వాడికీ బాల్కనీ వాడికీ కుర్చీలో తేడా ఉండేది గానీ, బొమ్మ ఇద్దరికీ ఒకేసారి పడేది, శుభం కార్డు ఒకేసారి వచ్చేది. వరుసలో అలా కాదు. అక్కడ నేను కొన్నది మెత్తటి కుర్చీ కాదు. నా ముందున్నవాళ్ళ వంతు.

లెక్క చూద్దాం, వృత్తి అలవాటు. ఒక రైడ్‌లో 24 సీట్లు, నాలుగు నిమిషాలకో ట్రిప్పు అనుకుందాం. నా తమ్ముడి ముందు 240 మంది ఉంటే పది ట్రిప్పులు, అంటే 40 నిమిషాలు ఆగాలి. ట్రిప్పుకి ఎనిమిది సీట్లు రెండో వరుసకి ఇచ్చేస్తే వాడి వరుసకి మిగిలేవి 16. పది ట్రిప్పులు పదిహేనవుతాయి. 40 నిమిషాలు గంటవుతుంది. మేం ఆగాల్సిన సమయం మాయమైపోలేదు, పక్క వరుసలోకి మారింది. ఆ వరుసలో నిలబడ్డ ఎవరూ దానికి ఒప్పుకోలేదు, అందులో వాళ్ళకి ఒక్క రూపాయీ రాలేదు.

మైకేల్ శాండెల్ 2012లో రాసిన 'వాట్ మనీ కాంట్ బై' మొదటి అధ్యాయం క్యూ దాటడం గురించే. అమ్యూజ్‌మెంట్ పార్కులూ అందులో ఉన్నాయి. డబ్బుకి అమ్మడం వల్ల రెండు రకాల చెడు జరగొచ్చంటాడు ఆయన. ఒకటి అన్యాయం: లేనివాడికి అందదు. రెండోది, అమ్మిన వస్తువే చెడిపోవడం. చదివినప్పుడు మొదటిదే పెద్దదనుకున్నాను. ఆ రోజు రెండోది అర్థమైంది. వరుసకి ఒక్కటే నియమం: ముందొచ్చినవాడు ముందు. అక్కడ నువ్వెవరో ఎవరూ అడగరు. మన దేశంలో, ఎవరింటికెళ్ళినా ముందు ఊరూ ఇంటిపేరూ ఆరా తీసే దేశంలో, అది చిన్న విషయం కాదు. చేతికి రంగు పట్టీ కట్టగానే వరుస కూడా నువ్వెవరని అడగడం మొదలుపెట్టింది.

ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళ దగ్గర ఇంకో జవాబుంటుంది: ఎవరి సమయం విలువైనదో వాళ్ళు డబ్బు పెడతారు, లేనివాళ్ళు సమయం పెడతారు, ఇద్దరికీ గిట్టుబాటు. మా ఇద్దరికీ దీన్ని వర్తింపజేసి చూశాను. నాకు ఇంకా ఎనిమిది రోజుల జీతంతో కూడిన సెలవుంది. నచ్చకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళగలను. వాడికున్నది ఆ ఒక్క రోజు, అదీ కూలి వదులుకుని తెచ్చుకున్నది. ఎవరి సమయం విలువైనది? నా గంటకి ధర ఎక్కువ, వాడి గంటకి విలువ ఎక్కువ. ఈ రెండూ ఒకటేనని నేను ఇన్నేళ్ళుగా ఎలా నమ్మానో తెలియదు.

అంటే అందరూ ఎప్పుడూ ఒకే వరుసలో నిలబడాలని కాదు. అంబులెన్స్‌కి దారివ్వడానికి ఎవరూ గొణగరు. తిరుమలలో వృద్ధులకీ చంటిపిల్లల తల్లులకీ వేరే దారి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అవసరం ముందుకు పంపితే వెనకున్నవాడు చిన్నబోడు, కొంచెం మంచివాడవుతాడు కూడా. అదే తిరుమలలో మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశం ఉంది, సర్వదర్శనం ఉంది. నేనెప్పుడూ మూడువందలదే తీసుకున్నాను. కంపార్ట్‌మెంట్లలో గంటలు గంటలు కూర్చున్నవాళ్ళ ముఖాలు ఊచల మధ్యలోంచి చూసి, వెంటనే తల తిప్పుకోవడం గుర్తుంది. అక్కడ నేర్చుకున్న విద్యే పార్కులో వాడాను. ఈ సంగతి దాచి పార్కు గురించి మాత్రం రాస్తే అది అబద్ధం.

డిస్నీ పార్కుల్లో 1999లో వచ్చిన ఫాస్ట్‌పాస్ ఉచితం. లోపలికొచ్చిన ఎవరైనా తీసుకోవచ్చు, చెప్పిన టైముకి వస్తే త్వరగా ఎక్కొచ్చు. దాని స్థానంలో 2021లో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. పరికరం దాదాపు అదే. జనాన్ని సర్దడానికి పుట్టింది, జనాన్ని విడదీయడానికి పనికొచ్చింది. మనం రాసే సాఫ్ట్‌వేర్ కూడా చాలావరకు ఇంతే కదా.

మూడో రైడ్ దగ్గర పాప కుడివైపుకి రానంది. అన్నయ్యతో వస్తానంది. వాళ్ళమ్మ కూడా అటే నడిచింది. నేను ఒక్కణ్ణే కుడివైపు వెళ్ళడం మరీ బాగోదు కాబట్టి నేనూ వెళ్ళాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. యాభై నిమిషాలు నిలబడ్డాం. కాళ్ళు పీకాయి. వరుసలో నిలబడటం గొప్ప అనుభవమని చెప్పను, ఎండలో అది విసుగే. కుడివైపు నుంచి ఒక్కో కుటుంబం వెళ్తుంటే పెద్దలు చూడనట్టు నటించారు, పిల్లలు మాత్రం తిన్నగా చూశారు. మా వాడు వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదకొండు మందన్నాడు. కోపంగా కాదు, ఏదో ఆటలాగా. ఆ లెక్కలో పొద్దున మేం ముగ్గురం కూడా ఉండే ఉంటాం.

సాయంత్రం గేటు దగ్గర సాంటా వేషం వేసుకున్న ఒకాయన చాక్లెట్లు పంచాడు. ఆయన మాత్రం ఎవరి చేతి పట్టీ రంగూ చూడలేదు. సత్రంలో చోటు దొరక్క పశువుల తొట్టిలో బిడ్డని పడుకోబెట్టుకున్న ఒక కుటుంబం కథ ఈ పండగకి మూలమని, తిరుగు దారిలో ఔటర్ మీద కార్లో గుర్తొచ్చింది. తమ్ముడి కుటుంబం బస్సులో వెళ్ళింది. కార్లో ఆరుగురం పట్టమని వాడే అన్నాడు.

జనవరిలో ఆఫీసుకెళ్ళగానే నాకిచ్చిన పని, ఎక్కువ కట్టిన కస్టమర్ల రిక్వెస్టులు ముందు వెళ్ళేలా క్యూ మార్చడం. రాశాను, ఉద్యోగం కదా. ఇంజనీరింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో చెప్పారు: ప్రాధాన్యం ఉన్న పనుల్నే ముందు పంపుతూపోతే కిందివాటికి ఎప్పటికీ వంతు రాకపోవచ్చు. దానికి వాడే మాట స్టార్వేషన్, అంటే ఆకలిచావు. అలా జరగకుండా, ఎక్కువసేపు ఆగిన పనికి ఆగినకొద్దీ ప్రాధాన్యం పెంచుతూ పోవాలి. ఆ కోడ్ నేను ఎవరూ అడక్కుండానే రాశాను. రివ్యూలో కూడా ఎవరూ ఎందుకని అడగలేదు. యంత్రంలో ఇది మామూలు మర్యాద.

డిసెంబర్ మళ్ళీ వస్తోంది. పాప పార్కు అంటోంది. తమ్ముడికి ఫోన్ చేస్తే, "చూద్దాంలే అన్నా, ఈసారి పని ఎక్కువుంది" అన్నాడు. పని నిజంగానే ఎక్కువుందో ఏమో, నేను తరచి అడగలేదు.