భయభక్తులు

పెద్దలయెడ భయభక్తులు కలిగియుండవలెనని పిల్లలకు చెప్పుచుందుము. ద్వంద్వసమాసమున ఇకారాంతపదము ముందుండవలెననియు, పూజ్యమైనది ముందుండవలెననియు వ్యాకరణము చెప్పును. ఆ లెక్కన ‘భక్తిభయములు’ అనవలెను. లోకము మాత్రము భయమునే ముందు నిలిపినది. ముప్పదియేండ్లు వ్యాకరణము చెప్పియు నేను దీనిని గూర్చి ఆలోచింపలేదు. ఆలోచింపజేసినది ఒక గొర్రెలకుక్క.

ఇంగ్లండు, స్కాట్లండుల సరిహద్దు కొండలలో నా పూర్వశిష్యుని యింట కొన్నాళ్ళుంటిని. పొరుగున ఒక గొర్రెల రైతు. మన గొల్లల, కురుమల కుక్కలు రాత్రివేళ మందకు కావలి కాచి, తోడేలు వచ్చిన మొరిగి ఎదిరించును. అక్కడి కుక్క పని వేరు. కొండమీద చెదరి మేయుచున్న గొర్రెలను కూడగట్టి యజమాని కడకు తెచ్చుట దాని వృత్తి. బోర్డర్ కోలీ యని దాని జాతి. 1893లో నార్తంబర్లండులో ఆడమ్ టెల్ఫర్ అను రైతు కడ పుట్టిన హెంప్ అను కుక్క నేటి ఆ జాతిలో చాలవాటికి మూలపురుషుడు. అది అరపులు లేక నిశ్శబ్దముగ పనిచేసెడిదని ప్రసిద్ధి.

రైతు ఈల వేయగానే కుక్క మందమీదికి సూటిగ పోలేదు. దూరముగ చుట్టు తిరిగి వెనుకకు చేరెను. తల వంచి, కన్నార్పక చూచుచు అడుగులో అడుగు వేసెను. అది తోడేలు చూపే. పొంచుటను ఉంచి కరచుటను మాత్రము మనుష్యుడు తరతరముల యెంపికచే అణచినాడు. గొర్రెలు తలలెత్తి కదలినవి. తత్క్షణమే కుక్క నేలపై పరుండెను!

కారణమడిగితిని. గొర్రె చుట్టును కనబడని గీత యొకటి యుండునట. కుక్క దానిని తాకిన గొర్రె జరుగును, తగ్గిన నిలుచును. మరీ లోనికి చొచ్చినచో చెదరి పారును, లేదా తిరుగబడును. కదలిన వెంటనే ఒత్తిడి తీయవలెను. 1873లో వేల్సు దేశమున బాలాలో జరిగిన పోటీ మొదలు ఇట్టి పోటీలు ఆ దేశమున ప్రసిద్ధములు. గొర్రెను కరచిన కుక్కను సాధారణముగ పోటీనుండి తొలగింతురు.

ఆ మాట వినగా నాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చెను. శబ్దము తప్పు చెప్పినాడని బెత్తము చూపితిని. మరునాడు తప్పులేక చెప్పినాడు. అయినను నేను వదలక, వెనుకటి తప్పునే యెత్తి పదిమందిలో పరిహసించితిని. తరువాత అతడు పాఠశాలకు రాలేదు. భయపెట్టుటయే నా దోషమని ఇన్నాళ్ళు అనుకొంటిని. కాని భయము లేనిదే ఆ గొర్రెలును కదలవు. అతడు కదలిన పిదప నేను వెనుదీయలేదు, దోషమక్కడ నున్నది. గీత పదునొకండవ అధ్యాయమున విశ్వరూపము చూచి అర్జునుడు వణకెను. అతడు వేడుకొనగనే స్వామి ఆ రూపమును ఉపసంహరించి సౌమ్యరూపము దాల్చి ఊరడించెను గదా!

అయినను గొర్రెకు కుక్కయందు ప్రేమ కలుగునా? కలుగదు. దొడ్డిలో చేరినను దానినే బెదరుచు చూచుచుండెను. భయము దొడ్డివరకే తెచ్చినది. భక్తి ఆ పొలముననే వేరొకచోట నున్నది. రైతు ‘ఇక చాలు’ అను అర్థముగల మాట పలుకగానే, అంతసేపు తోడేలువలె చూచిన ఆ కుక్క గొర్రెలను విడిచి తోకయాడించుచు పరుగున వచ్చి అతని మోకాలికి తల యానించెను. బెత్తము పట్టిన నాడు నేనెవరి మాట వినుచుంటినో నాకు తెలియదు.

ఆ బాలుడు ఇప్పుడు నడివయస్కుడై యుండును. అతని ఊరు మా ఊరికి పదిక్రోసులు. సంక్రాంతి వెళ్ళిన పిదప పోవలెనని యున్నది.