ఇటుక చాలదూ?

మా ఇంట్లో సుత్తి లేదు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఆ లోటు నాకెప్పుడూ తెలీలేదు. గోడకి మేకు కొట్టాలంటే పచ్చడిబండ ఉంది. స్విచ్‌బోర్డు మర తిప్పాలంటే కూరలు తరిగే చాకు మొన ఉంది. కుర్చీకి ఒక కాలు పొట్టిదైతే పాత పంచాంగం మడిచి పెడితే సరి. మా అత్తగారు నన్ను పనిమంతురాలని మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చుగానీ, అవన్నీ ఇలాంటి పనులకే! ఉన్నదాంతో సరిపెట్టడం సుగుణమని నేను మనసారా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. కాకపోతే ఆ సుగుణానికి ఎక్కడో ఒక పొలిమేర ఉందని ఈమధ్యే తెలిసింది. తెలియజెప్పింది ఏ గురువుగారో కాదు, మా పాత కారు.

ఆ కారుకి ఇరవయ్యేళ్ళు దాటాయి. చిన్న గుంట వస్తే చాలు, దబ్బున కూలబడి, లేచాక కృష్ణలో పడవలా ఊగేది. బ్రేకు వేస్తే ముక్కు నేలకి వంచేది. ముందు షాక్ అబ్జార్బర్ల ఒంటినిండా నూనె జిడ్డు. ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి ఒక పూట దాని కిందికి తొంగిచూసి లేచి, “అమ్మా, ముందువైపు సస్పెన్షన్ నేనే ఇంట్లో మార్చేస్తాను” అన్నాడు. మావారు పేపరు దించకుండానే “కానీ” అన్నారు. నేను మాత్రం కూలి డబ్బులు మిగులుతాయని మురిసిపోయాను. దాచడమెందుకు!

నేను బి.ఏ. చదివినదాన్ని. స్ప్రింగంటే పిల్లల పెన్నులో ఉండేదే నాకు తెలుసు. వాడే కూర్చోబెట్టి చెప్పాడు. కారు బరువుని మోసేదీ, గుంట దెబ్బని మింగేదీ స్ప్రింగట. కానీ దాన్నొక్కదాన్నే వదిలేస్తే ఊగుతూనే ఉంటుందట. ఆ ఊపుని చల్లార్చేది నూనె నింపిన గొట్టం, అదే షాక్ అబ్జార్బరు. చిన్న కార్లకి ముందువైపు ఈ రెంటినీ కలిపి ఒకే స్తంభంలా బిగిస్తారు. మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరుతో దాన్ని పిలుస్తారు. 1950లో ఇంగ్లండులో ఫోర్డు వారి కాన్సుల్, జెఫిర్ కార్లతో అది పేరుకెక్కింది. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మా విజయవాడ వాకిలి!

తర్వాత వాడు కావలసిన సామాను చీటీ రాశాడు. జాకీ, జాక్ స్టాండ్లు రెండు, వెనక చక్రాలకి అడ్డుకట్టలు, వీల్ స్పానరు, రింగు స్పానర్లు, సాకెట్ సెట్టు, సుత్తి, తుప్పు వదిలించే నూనె, ఆలెన్ కీలు, బ్రేకు గొట్టం లాగుకుపోకుండా బ్రేకు భాగాన్ని వేలాడగట్టడానికి ఇనపతీగ, స్ప్రింగ్ కంప్రెసర్లు ఒక జత, టార్క్ రెంచి.

కిరాణా చీటీ ఎలా చూస్తానో దీన్నీ అలాగే చూశాను. కలం తీసి మూడు కొట్టేశాను. సుత్తి ముందే పోవలసింది గానీ, పచ్చడిబండకి జిడ్డంటుతుందని ఉంచాను.

“జాకీ లేపాక మళ్ళీ స్టాండ్లెందుకురా? ప్రహరీగోడ కట్టినప్పటి ఇటుకలున్నాయిగా. ఇటుక చాలదూ?” అన్నాను. స్ప్రింగు నొక్కి పట్టడానికి మంచి నులకతాడు చాలదా? నట్టు బిగించడానికి మీ నాన్న చెయ్యి చాలదా? ఇదీ నా వాదన. వాడు కాసేపు గొణిగి, మిగతా రెంటి సంగతీ తర్వాత చూద్దాంలే అని, ఇటుకలకి ఒప్పుకున్నాడు. అమ్మ మాట కదా!

ఆదివారం పొద్దున్న పని మొదలుపెట్టారు. వెనక చక్రాలకి అడ్డు పెట్టి, కారు నేలమీద ఉండగానే చక్రం నట్లు కాస్త వదులు చేసి, జాకీతో లేపి, చక్రం ఊడదీశారు. ఇటుకలు దొంతిగా పేర్చి, పైన చెక్కముక్క వేసి, కారుని దానిమీదికి దించారు. అంతటితో లోపలికి దూరకుండా మావాడు రెండు పనులు చేశాడు. ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కిందికి పడుకోబెట్టి తోశాడు. “కిందికి వెళ్ళేముందు ఒకసారి ఊపి చూడాలి, అందరూ రండి” అని పిలిచాడు. నేను నవ్వుకుంటూ వెళ్ళి చెయ్యి వేశాను.

రెండోసారి ఊపామో లేదో, పెనం మీద ఆవాలు పేలినట్టు చిన్న చప్పుడు. ఇటుకల దొంతి పొడిపొడిగా రాలిపోయింది. కారు దిగబడి చక్రం మీద కూర్చుంది.

ఎవరికీ ఏమీ కాలేదు. కారు దిగింది నాలుగంగుళాలేనేమో. కానీ ఒక్క నిమిషం ఆగి ఉంటే ఆ నాలుగంగుళాల మధ్య ఏది ఉండేదో తలుచుకుని నేను గడపమీద కూలబడ్డాను. అలాంటి చిన్న కారు సుమారు 650 కిలోలుంటుంది. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు 26. ముందు ఒక్కొక్క చక్రం వాటాకి ఎనిమిది బస్తాలు. వాటి కిందికి, అదీ ఇటుకల్ని నమ్మి, నా కొడుకుని పంపబోయాను. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునేమో!

మర్నాడు వాడితో కలిసి ఆటోనగర్ వెళ్ళాను. మాకు తెలిసిన పెద్ద మెకానిక్ ఒకాయన ఉన్నారు. మావాడు బాబాయ్ అని పిలుస్తాడు. ఆయన చీటీ చూసి, నేను కొట్టేసిన మూడింటిమీదా వేలు పెట్టి, “అమ్మగారూ, కొట్టేస్తే మిగతావి కొట్టెయ్యండి. ఇవి మాత్రం ఉండాలి” అన్నారు.

జాకీ లేపేందుకే తప్ప మోసేందుకు కాదట. నూనె జాకీ అయితే లోపల వాషరు పోయి జారవచ్చు. మర జాకీ అయితే పక్కకి ఒరగవచ్చు. లేపిన బరువుని నిలబెట్టడం స్టాండు పని. ఇటుక గోడలో పదిమందితో కలిసి ఉన్నప్పుడు మోస్తుందిగానీ, ఒంటరిగా ఒక మూల బరువు పడితే చెప్పకుండా పగులుతుంది. ఇక స్ప్రింగు. ఎంత నొక్కితే అంత బలంగా తిరగబడుతుందని రాబర్ట్ హుక్ 1678లోనే పుస్తకం అచ్చువేశాడు. ఆ సంగతి తెలియక నేను నులకతాడు అన్నాను! కంప్రెసర్లంటే కొక్కేలున్న పొడుగాటి మరకడ్డీలు. రెంటినీ ఎదురెదురుగా తగిలించి, ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు, సమంగా తిప్పుతూ రావాలి. స్ప్రింగు తన గద్దెలో వదులయ్యాకే పైనట్టు విప్పాలి. ముందే విప్పితే పైపళ్ళెం ఎదురుగా ఉన్నవాళ్ళ మొహమే చూసుకుంటుంది. మూడోది టార్క్ రెంచి. ఏ నట్టుని ఎంత బిగించాలో కంపెనీవాళ్ళు పుస్తకంలో అంకె ఇస్తారు. ఆ అంకెకి తిప్పి పెట్టుకుంటే, అంతవరకూ రాగానే ‘టిక్కు’మంటుంది. తక్కువైతే నట్టు వదులై రాలుతుంది, ఎక్కువైతే బోల్టు సాగి తెగుతుంది. మావారి చేతికి ఆ తేడా తెలీదు. ఆ సంగతి ఊరగాయ జాడీ మూతల దగ్గరే నేను కనిపెట్టి ఉండవలసింది!

స్టాండ్లు కొన్నాం. సుత్తీ కొన్నాం. మిగతా రెండూ ఆయన ఒక రోజుకి ఎరువిచ్చారు. వచ్చే ఆదివారం రెండువైపులా మార్చేశారు. ఒకవైపే మార్చకూడదట, రెండూ ఒకే తీరుగా ఉండాలట. చివర్లో మావాడు ఒక చిత్రమైన పని చేశాడు. రబ్బరు బుష్షులున్న బోల్టుల్ని కారు పైన ఉండగా ఊరికే పట్టించి ఉంచి, చక్రాలు తొడిగి కిందికి దించి, కారు తన బరువు తాను మోస్తున్నప్పుడే చివరి బిగింపు బిగించాడు. గాలిలో బిగిస్తే బరువు పడ్డాక రబ్బరు మెలితిరిగిపోతుందట. సోమవారం వీల్ అలైన్‌మెంట్ చేయించుకొచ్చారు. ఇప్పుడు కారు గుంటలో పడితే ఒక్కసారి లేచి బుద్ధిగా నిలుస్తుంది.

ఇంతకీ నా పొలిమేర మాట. పచ్చడిబండతో కొట్టిన మేకు వంకరపోతే పటం కింద పడుతుంది, నష్టం నాది. చాకు జారితే తెగేది నా వేలు. అక్కడ సరిపెట్టుకునే హక్కు నాకుంది. ఇటుక పగిలితే నష్టం కింద ఉన్నవాడిది. నట్టు రాలితే రేపు ఆ కారెక్కి కళ్ళు మూసుకుని కునుకుతీసే మా అత్తగారిది. ఇంకొకరి ఒంటిమీద పడే నష్టానికి నేను సరిపెట్టుకుంటాననడం పొదుపెలా అవుతుంది? మిగిలిన డబ్బు నాదీ, ప్రమాదం వాళ్ళదీ. దీనికి వేరే పేరుంది. రాయడానికి సిగ్గేస్తోంది.

ఇక్కడితో ముగిస్తే కథ బాగానే ఉంటుంది, నేనూ మంచిదాన్నైపోతాను. కానీ ఆ రాత్రి ఇంకొకటి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఈ కారుని బాగుచేసింది మావాడు కాదుగా! రోడ్డు పక్క రేకుల షెడ్డులో స్టూలు మీద కూర్చుని నేను వారపత్రిక చదువుకునేదాన్ని. కారు కిందనుంచి ఎవరో కుర్రాడి కాళ్ళు మాత్రం కనబడుతుండేవి. అరిగిన చెప్పులు, మోకాళ్ళ దగ్గర నూనె మరకలు. “త్వరగా కానివ్వు బాబూ” అన్న మాట కూడా గుర్తుంది. ఆ కారు దేనిమీద నిలబడి ఉందో మాత్రం, ఎంత ఆలోచించినా గుర్తు రావడంలేదు. నేను వంగి చూస్తేగా! ఆ కుర్రాడికీ ఒక అమ్మ ఉండే ఉంటుంది. ఆవిడ వచ్చి కారుని ఊపి చూడదుగా.

మొన్న సైలెన్సరు ఊడితే మళ్ళీ ఒక షెడ్డుకి వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వంగి చూశాను. జాకీ, దాని పక్కన రెండు ఇటుకలు. షెడ్డు యజమానితో, “కాస్త ఆగండి, మా స్టాండ్లు తెప్పిస్తాను. అందాకా ఆ అబ్బాయిని బయటికి రమ్మనండి” అన్నాను. ఆయన నావంక వింతగా చూశాడు. “ఏం కాదు మేడమ్, ఇటుక చాల్లెండి” అన్నాడు.

ఆ మాట నాకు బాగా తెలుసు. మావాడు స్టాండ్లు తెచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.