అంచు ఎక్కడ?

విజువల్ ఎఫెక్ట్స్ నేర్చుకోవాలని వచ్చే పిల్లలు కూలిపోయే కోటల్నీ, ఎగిరే గుర్రాల్నీ మనసులో పెట్టుకుని వస్తారు. వాళ్ల చేతికి ముందుగా వచ్చేది రోటో, అంటే ఫ్రేము ఫ్రేములోనూ మనిషి చుట్టూ గీత గీసి వెనకున్నదాన్నుంచి విడదీసే పని. నాకూ అంతే. అమీర్‌పేటలో నేర్చుకునే రోజుల్లో నాకిచ్చిన మొదటి షాట్‌లో ఒకమ్మాయి గోడ పక్కగా నడిచి వెళ్తుంది. ఐదు సెకన్లు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 120 బొమ్మలు. ప్రతి బొమ్మలోనూ ఆ అమ్మాయిని గోడ నుంచి విడదీస్తేనే వెనక మరో లోకం పెట్టడం కుదురుతుంది.

నేను మనిషి చుట్టూ ఒకే గీత గీశాను. ఆమె రెండడుగులు వేసేసరికి అంతా చిక్కుపడిపోయింది. నేర్పించే అన్న చూసి, "ముక్కలుగా చూడు తమ్ముడూ. మోచేతి పైన ఒక షేపు, కింద ఒకటి, అరచేతికి ఒకటి" అన్నాడు. వెంటనే మా నాన్న గుర్తొచ్చాడు. తెనాలిలో ఆయన టైలరు. గుడ్డ మీద సుద్దతో గీసేముందు, కుట్టించుకునే మనిషిని ఒకసారి చెయ్యి ఎత్తమనేవాడు. చంక దగ్గర గుడ్డ ఎటు లాగుతుందో చూసుకునేవాడు. ఆ చూపు విలువ నాకు కంప్యూటర్ ముందు కూర్చున్నాకే తెలిసింది. రోటోలో ప్రతి ఫ్రేముకీ కీ, అంటే షేపు అక్కడ ఎలా ఉండాలో చెప్పే గుర్తు, పెడుతూ పోతే అంచు వణుకుతుంది. చెయ్యి ఊగి ఊగి ఎక్కడ ఆగి వెనక్కి మళ్లుతుందో కనిపెట్టి, అక్కడ కీ పెట్టాలి. మధ్యలో దాని దారిన దాన్ని పోనివ్వాలి.

ఈ పనికి వందేళ్లు దాటాయి. అమెరికాలో మాక్స్ ఫ్లీషర్ 1915లో రోటోస్కోప్ పేటెంటుకి దరఖాస్తు చేశాడు. తమ్ముడు డేవ్‌కి జోకర్ బట్టలు తొడిగి, గెంతించి, ఆ ఫిల్ముని గాజు పలక మీద పడేట్టు చేసి ఒక్కో ఫ్రేమూ గీశాడు.

నన్ను ఇప్పటికీ వదలనిది మాత్రం ఆ షాట్‌లో ఒక్క ఫ్రేము. అమ్మాయి తల తిప్పింది, జడ విసురుగా ఊగింది. జూమ్ చేసి చూస్తే జడకి చివరే లేదు. నలుపు పలచబడుతూ పలచబడుతూ గోడ రంగులో కలిసిపోయింది. ఒకే పిక్సెల్‌లో కొంత జడ, కొంత గోడ. మా లెక్కలో మనిషి ఉన్నచోట ఆల్ఫా 1, లేనిచోట సున్నా. ఆ రెంటి మధ్య ఎన్నో బూడిద రంగులు. కదిలేదానికి గట్టి అంచు ఉండదని ఆ రోజు కళ్లారా చూశాను. మనిషి ఎక్కడ అయిపోతాడు, లోకం ఎక్కడ మొదలవుతుంది అని వేదాంతులు అడిగే ప్రశ్న, ఇరవయ్యేళ్ల కుర్రాడి ముందు సాయంత్రానికి ఇచ్చేయాల్సిన పనిగా కూర్చుంది.

ఇప్పుడేమో బటన్ నొక్కితే మనిషిని విడదీసి ఇచ్చే టూల్స్ వచ్చాయి. మంచివే, నేనూ వాడతాను. కానీ అవి జడ దగ్గర తప్పు చేశాయని పట్టుకునే కన్ను 120 ఫ్రేములు ఓపిగ్గా కూర్చున్నవాళ్లకే వస్తుంది. అందుకే నా దగ్గరకొచ్చే పిల్లలచేత మొదటి షాట్ చేత్తోనే చేయిస్తాను.

మొన్న ఒకమ్మాయి అలాంటి జడ దగ్గరే ఆగిపోయి, "అన్నా, గీత ఎక్కడ గీయాలో తెలియట్లేదు" అంది. మౌస్ వదిలేసి లేచి నిలబడమన్నాను. "ఒకసారి తల గట్టిగా తిప్పమ్మా." తిప్పింది. తల ఆగిపోయాక కూడా జడ ఇంకా కొంచెం ముందుకి వెళ్లి, భుజానికి తగిలి, నెమ్మదిగా వెనక్కి వచ్చింది. "మళ్లీ తిప్పనా అన్నా?" అని అడిగింది. ఈసారి పక్క సీట్లోవాళ్లు కూడా కుర్చీలు ఇటు తిప్పుకుని చూశారు.